అడుగుపూత వర్ణనిర్ణయము: మస్టాంగు పునరుద్ధరణలో తెగని వివాదము

పాతకారును పూర్వరూపమునకు దెచ్చువారు పైరంగు విషయమున వాదులాడుకొనుట అరుదు. ఏలయన ఫోర్డు మస్టాంగు తలుపునకు బిగించిన రేకుపై పైరంగు సంకేతాక్షరము అచ్చై యుండును, ఆ సంకేతమునకు సరిపడు రంగును నేటికిని కలిపి యిచ్చు వర్తకులు కలరు. అదే కారును లిఫ్టుపై కెత్తి క్రిందినుండి చూచినప్పుడు, నేలరేకులకు కర్మాగారములో పూసిన ప్రైమరు ఎర్రనిదా, బూడిదవన్నెదా, లేక ఆ రెంటి నడుమనున్న యేదో పేరులేని గోధుమచాయదా యను ప్రశ్నకు మాత్రము ఏ రేకును, ఏ పత్రమును సమాధానము చెప్పదు. కంటికి కనబడని చోటి రంగునకై యింత తర్జనభర్జన మేలయని కొందరు తలపవచ్చును. కాని పునరుద్ధరణ మనగా కారును క్రొత్తదానివలె మెరపించుట గాక, అది కర్మాగారపు ద్వారము దాటిననాటి స్థితిని తెలిసికొని మరల నిలుపుటయే యైనచో, ఎవరును తుడువని, ఎవరును మెరుగుపెట్టని యా యడుగుభాగమే ఆనాటి పనితీరునకు నమ్మదగిన సాక్షి.

ఈ సమీక్ష 1964 మొదలు 1973 వరకు వెలువడిన తొలితరము మస్టాంగులను ప్రధానముగా దృష్టియందుంచుకొని వ్రాయబడినది. ఇతర సంస్థల కార్ల ప్రసక్తి పోలిక కవసరమైనంత మేరకే వచ్చును.

మూడు కర్మాగారములు, ఒకే కారు

మస్టాంగు ఉత్పత్తి 1964 మార్చి 9న మిషిగన్ రాష్ట్రమందలి డియర్‌బార్న్ కర్మాగారమున ఆరంభమైనది. ఏప్రిల్ 17న న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమున ఆ కారు లోకుల కంటబడినది. గిరాకి సంస్థ యంచనాలను మించిపోగా, ఆ వేసవియందే కాలిఫోర్నియాలోని శాన్ హోసే కర్మాగారమును, అటుపిమ్మట న్యూజెర్సీలోని మెటుచెన్ కర్మాగారమును ఈ పనికి నియోగించిరి. 1965 మోడలు సంవత్సరమున 6,80,989 కార్లును, 1966 మోడలు సంవత్సరమున 6,07,568 కార్లును తయారైనవి. కారు సంఖ్యలోని రెండవ స్థానమున నుండు అక్షరము దాని జన్మస్థానమును దెలుపును: ఎఫ్ డియర్‌బార్న్‌ను, ఆర్ శాన్ హోసేను, టి మెటుచెన్‌ను సూచించును. మెటుచెన్, శాన్ హోసేలలో మస్టాంగు తయారీ ముందుగా ముగియగా, తొలితరమునందలి కడపటి మస్టాంగులు డియర్‌బార్న్‌లోనే తయారైనవి.

ఈ భౌగోళిక విభజనయే వివాదమునకు మూలము. పైరంగును కొనుగోలుదారు కోరి యెన్నుకొనును. కావున దేశపు రెండు తీరములందును ఒకే సంకేతమునకు ఒకే రంగు రావలయును. అడుగు ప్రైమరు నెవ్వరును కోరలేదు, ఎవ్వరును చూడలేదు. దాని కర్తవ్య మొక్కటే: రేకును తుప్పునుండి కాపాడుట, పైనబడు పూతలకు పట్టునిచ్చుట. వెల్డింగు ముగిసిన ఉక్కుతొడుగును ఫాస్ఫేటు ద్రావణముతో కడిగి, ముంచుట చేతనో చిమ్ముట చేతనో ప్రైమరు నెక్కించి, అతుకులయందు సీలరు నింపి, పొయ్యిలో కాల్చి, పిదప పైభాగములకు ఎనామెలు చిమ్ముచుండిరి. పైరంగును చిమ్మునప్పుడు తుంపరలు అంచులను దాటి నేలరేకుల మీదికి ఎగుడుదిగుడుగా వ్యాపించెడివి. చక్రముల గూళ్లలో శబ్దమును అణచుటకై నల్లని తారుజాతి పూతను కొట్టెడివారు. కాబట్టి అడుగుభాగమున ఒక రంగు గాక మూడు నాలుగు పొరలు ఒకదానిపై నొకటి నీడలవలె పరచుకొని యుండును. వివాదమంతయు తొలిపొర వర్ణము చుట్టునే తిరుగుచున్నను, మిగిలిన పొరల హద్దులను గుర్తింపక ఆ వర్ణమును నిర్ణయించుట దుస్సాధ్యము.

ఆ తొలిపొర శాన్ హోసే కార్లలో సాధారణముగా ఎర్రనిదని పునరుద్ధారకులలో చిరకాలముగా స్థిరపడిన యభిప్రాయము. మన యిండ్ల గేట్లకును కిటికీ యూచలకును తొలిపూతగా వేయు రెడ్ ఆక్సైడునకు ఎరుపునిచ్చు ఇనుప ఆక్సైడే దీనికిని ఎరుపునిచ్చినది. డియర్‌బార్న్, మెటుచెన్ కార్లలో ఎరుపుతోబాటు బూడిదవన్నె, నల్లబూడిద, గోధుమచాయ కలిసిన బూడిద మున్నగునవి కనబడుచున్నవి. అవి మోడలు సంవత్సరముతో గాక నెలలతో మారినట్లు తోచును. ఈ మార్పులకు పునరుద్ధారకలోకమున మిక్కిలి ప్రచారములోనున్న వివరణ మొకటి కలదు: అడుగుభాగము కొనుగోలుదారు కంటబడదు గనుక, మిగిలిపోయిన ప్రైమర్లను, రంగులను ఒక తొట్టిలో కలిపి అడుగునకు వాడుచుండి రనియు, తొట్టిలో ఆనాడు పడిన రంగులనుబట్టి బూడిదచాయ మారుచుండె ననియు చెప్పుదురు. ఖర్చు తగ్గించుట పరమావధిగా నడచు కర్మాగారమున ఇది సహజమే. ఐనను ఈ వివరణము బూడిదచాయల వైవిధ్యమును చక్కగా విప్పిచెప్పునే గాని, శాన్ హోసే యెరుపు దీర్ఘకాలము నిలకడగా నుండుటకు కారణము చెప్పజాలదు. ఒకే సూత్రముతో మూడు కర్మాగారములను కొలువబూనుటయే ఇచ్చటి పొరపాటని నా తలంపు.

వివాదము పుట్టిన తీరు

ఈ కార్లు కేవలము పాతబండ్లుగా నున్న దినములలో అడుగుభాగమునకు నల్లని తారుపూత కొట్టి సరిపెట్టుకొనువారే అధికులు. 1974లో నేషనల్ కార్వెట్ రిస్టోరర్స్ సొసైటీ, 1976లో మస్టాంగ్ క్లబ్ ఆఫ్ అమెరికా ఏర్పడి, కార్లను అంశములవారీగా పరిశీలించి గుణాంకములు వేయు పద్ధతి బలపడిన పిదప, నల్లపూత చాలదను స్పృహ కలిగినది. మొదట తోచిన పరిష్కారము సులభమైనది: శాన్ హోసే కారైనచో ఎరుపు, తక్కినవైనచో బూడిద. కొంతకాల మీ సూత్రము చెల్లినది. కాని పునరుద్ధరణము జరుగని కార్లు ఒక్కొక్కటిగా పరిశీలనకు వచ్చినకొలది, ఎఫ్ అక్షరముగల కార్ల యడుగున ఎరుపు, ఆర్ అక్షరముగల కార్ల యడుగున అనుకొనని చాయలు బయటపడసాగినవి. సూత్రమును నిలుపుకొనుటకై తేదీల హద్దులు కల్పింపబడినవి. ఆ హద్దులకు సయితము మినహాయింపులు కనబడినవి.

షెల్బీ కార్ల మూలమున ఈ చిక్కు మరింత పెరిగినది. 1965 మొదలు 1967 వరకు షెల్బీ అమెరికన్ సంస్థ లాస్ ఏంజిలిస్‌లో శాన్ హోసేనుండి వచ్చిన మస్టాంగులనే మార్చి జీటీ 350 కార్లను తయారు చేసినది. 1968 నాటికి ఆ పని మిషిగన్‌లోని అయోనియా పట్టణమునకు, ఏ. ఓ. స్మిత్ సంస్థకు మారినది. విలువ లక్షల డాలర్లకు చేరిన యీ కార్లలో అడుగుపూత కేవలము అలంకారము కాదు. తొడుగు అసలుదా, పిమ్మట మార్చినదా యను సందేహమును దీర్చుటలో అదియు నొక యాధారమైనది. ధనము ప్రవేశించిన చోట నమ్మకములు మరింత గట్టిపడుట లోకసహజమే గదా.

పత్రములు తోడ్పడునా? 1967 మోడలు మొదలుకొని ఫోర్డు కార్ల ఉత్పత్తి వివరములు మార్టి ఆటో వర్క్స్ సంస్థయొద్ద లభించును. వాటివలన తయారైన తేదీ, పైరంగు, చేర్చిన పరికరములు తెలియును. అడుగు ప్రైమరు వర్ణము వాటిలో లేదు. 1965, 1966 కార్లకైతే అట్టి సమగ్రమైన యాధారము సయితము కొరవడినది. కర్మాగారములు మూడును నేడు లేవు: శాన్ హోసే కర్మాగారము 1983లో మూతపడగా ఆ కట్టడమున నేడొక విశాలమైన అంగడి నడచుచున్నది, డియర్‌బార్న్‌లో కడపటి మస్టాంగు 2004 మే నెలలో వెలువడినది, మెటుచెన్ కర్మాగారమును ఆ యేటనే మూసివేసిరి.

నాలుగు మార్గములు

నేడు ఈ విషయమున స్థూలముగా నాలుగు మార్గములు కనబడుచున్నవి. మొదటిది కర్మాగారపు పద్ధతిని ప్రమాణముగా గొనునది. పునరుద్ధరణము జరుగని కార్లను అనేకములు పరిశీలించి, ఏ కర్మాగారమున ఏ నెలలో ఏ చాయ వాడిరో పట్టిక వేసి, ఆ పట్టికను బట్టి కారునకు రంగు నిర్ణయింపవలెనని దీని వాదము. అడుగురేకులు పూర్తిగా తుప్పుపట్టి, క్రొత్త రేకులు వేయవలసి వచ్చిన కారునకు ఇంతకన్న గతి లేదు. ఇది దీని ప్రధానబలము. పట్టికలో నెక్కిన కార్లలో ఎన్ని నిజముగా చేయిపడనివి, ఎన్ని ముప్పదియేండ్లనాడు ఎవరో యొకసారి ఎర్రగా పూసి మరచినవి యను ప్రశ్న దీని బలహీనత.

రెండవది ఆ కారునే ప్రమాణముగా గొనునది. పట్టిక లేమి చెప్పినను, ఈ కారు నేలరేకుపై మిగిలియున్న పూతయే తుదిమాట యని దీని వాదము. సిద్ధాంతదృష్టితో చూచిన ఇదియే సరియైనది. కాని ఇది పరిశోధకుని నేర్పుపై ఆధారపడినది. పైనబడిన ఎనామెలు తుంపరలను, పిమ్మటి కాలపు మరమ్మతు పూతను, నూనె మరకను తొలిపూతగా భ్రమించువారి చేతిలో ఈ మార్గము మొదటిదానికన్న ప్రమాదకరమగును.

మూడవది రక్షణను ప్రధానముగా గొనునది. కారు నడుచుటకే గదా యున్నది. కావున నేటి రెండుపాళ్ల ఎపాక్సీ ప్రైమరుతో అడుగును గట్టిగా కప్పి, చాయ సుమారుగా సరిపోయిన చాలునని వీరు తలంతురు. ఈ మార్గమును తేలికగా త్రోసిపుచ్చుట న్యాయము కాదు. శీతలదేశముల రోడ్లపై చల్లు ఉప్పు కారు అడుగును తినివేయు తీరు నెరిగినవారికి వీరి యాందోళన యెంత సమంజసమో తెలియును. అయితే గట్టి పూతకును సరియైన చాయకును విరోధమేమియు లేదు. ఎపాక్సీ ప్రైమరునందును వర్ణద్రవ్యమును కలిపి కోరిన చాయ తేవచ్చును, మెరుపు తగ్గించు పొడి చేర్చి పాతపూతయొక్క మందకాంతిని సయితము సాధింపవచ్చును. రక్షణ పేరిట వర్ణమును విడనాడుట సోమరితనమునకు సాకు కారాదు.

నాలుగవది పరిరక్షణమార్గము. 1964 నాటి వెనిస్ అధికారపత్రము పురాతనకట్టడముల విషయమున నెలకొల్పిన భావములను, అంతర్జాతీయ పురాతన వాహనముల సమాఖ్యయైన ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ అధికారపత్రము వాహనములకు వర్తింపజేసినది. మిగిలియున్న అసలు పదార్థమును కాపాడుటయే ప్రథమధర్మమనియు, తిరిగి పూయుట అనివార్యమైననాడే చేయవలెననియు ఈ మార్గమువారు చెప్పుదురు. వీరి దృష్టిలో రంగును సరిపోల్చుటయనునది రెండవ ప్రశ్న. పూయవలెనా వద్దా యనునదే మొదటిది.

ఈ నాలుగింటిని పోల్చి చూడగా, మొదటి రెండింటి మధ్యనున్న కలహము పైకి కనబడునంత లోతైనది కాదని తోచును. పట్టిక ఒక్కొక్క కారు సాక్ష్యముల కూడికయే. ఒక్క కారు సాక్ష్యమును అర్థము చేసికొనుటకు పట్టికయే తోడు. నాకు రెండవ మార్గమే యధికముగా నచ్చును, కాని సాక్ష్యమును సేకరించు విధానము కట్టుదిట్టముగా నుండవలెనను షరతుతో మాత్రమే.

సాక్ష్య మెక్కడ దొరకును

అడుగుభాగమున బయలుపడియున్న నేలరేకు వర్ణమును నమ్మరాదు. రంగు ఎండకు వెలిసిపోయిన దని తరచుగా చెప్పుమాట ఇచ్చట చెల్లదు. ఆ చోటికి ఎండయే సోకదు. ఇనుప ఆక్సైడు వెలుతురునకు చలింపని స్థిరమైన వర్ణద్రవ్యము; బూడిదపూతలోని టిటానియము డయాక్సైడు, కార్బను నలుపు సయితము సుస్థిరములే. మారునది వర్ణద్రవ్యము కాదు, దానిని పట్టియుంచు బంధకము. పాతకాలపు బంధకములు ఏండ్లు గడచినకొలది పసుపుబారును. పొగగొట్టము వేడిమి తగిలినచోట మరింత గోధుమవన్నె కెక్కును. ఇంజను నూనె వాటిలోనికి ఇంకిపోవును. కాబట్టి బూడిదపూత గోధుమగా మారిన చోటును, మొదటినుండియు గోధుమచాయ కలిగిన పూతను వేరుపరచుట ఈ పరిశోధనయందలి కఠినతమమైన పని. ఎరుపు విషయమున ఈ కష్టము తక్కువ. శాన్ హోసే కార్లను గూర్చిన యభిప్రాయము సుస్థిరముగా నిలుచుటకు ఇదియు నొక కారణమై యుండవచ్చును.

అసలు చాయ దాగియుండు చోట్లు కొన్ని కలవు. బ్రేకు గొట్టమును, పెట్రోలు గొట్టమును రేకునకు బిగించిన క్లిప్పుల క్రింద, హ్యాండుబ్రేకు తీగ బ్రాకెట్ల చాటున, నేలరేకు రంధ్రములను మూసిన రబ్బరు బిరడాల అంచుల క్రింద, బంపరు బ్రాకెట్ల వెనుక తొలిపూత గాలి సోకక మిగిలియుండును. వీటిలో గొట్టపు క్లిప్పుల చాటు మిక్కిలి విలువైనది. ఏలయన అవి రంగుపనులన్నియు ముగిసిన పిదప బిగింపబడినవి, కావున వాటి క్రిందనున్నది కర్మాగారపు పూతయే. అమ్మకపు దుకాణములలో కొట్టించిన తారుపూత చూచుటకు వికారముగా నున్నను తన క్రిందిపొరను పదిలముగా దాచియుంచును. దానిని ఇసుకతో కొట్టించి ఒలిపించువారు సాక్ష్యమును గూడ ఒలిపించుకొందురు. వేడిగాలితో మెత్తబరచి ప్లాస్టికు గరిటెతో తీయుట, మిగిలినదానిని కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడుచుట నెమ్మదియైన పనియే గాని, అందువలన హాని తక్కువ. ఘనీభవించిన కార్బను డయాక్సైడు గుళికలను వేగముగా విసరి తారును రాల్చు పద్ధతి ఖర్చుతో కూడినదైనను, నేర్పరి చేతిలో క్రిందిపూతను చాలవరకు నిలుపును. పాతపూతలలో సీసము, క్రోమేటు ఉండు నవకాశము కలదు గనుక, ఏ పద్ధతియైనను గీకినపొడి ఊపిరిలోనికి పోకుండ జాగ్రత్తపడుట విధి.

ఒక్క చోటి సాక్ష్యము చాలదు. కనీసము ముందు, నడుమ, వెనుక భాగములందలి చాటుచోట్లను పోల్చి, మూడును ఏకీభవించినప్పుడే చాయను నిశ్చయింపవలెను. ఏకీభవింపనిచో అది వైఫల్యము కాదు; అడుగున రెండు ప్రైమర్లు కలిసిన కార్లును ఉండవచ్చును.

కన్ను, దీపము, యంత్రము

చాయ దొరికిన తరువాత దానికి సరిపోవు రంగును కలుపుట మరియొక సమస్య. నేటి దుకాణములలో స్పెక్ట్రోఫోటోమీటరు అను యంత్రము నమూనానుండి ప్రతిఫలించు కాంతిని తరంగదైర్ఘ్యములవారీగా కొలిచి, కలుపవలసిన పాళ్లను చూపును. రెండు వర్ణముల మధ్యనున్న దూరమును సంఖ్యగా చెప్పుటకు 1976లో అంతర్జాతీయ ప్రకాశసంఘము ఒక కొలమానమును నిర్ణయించినది. అందు సుమారు 1 నుండి 2 వరకు నుండు తేడాను శ్రద్ధగల కన్ను కష్టముమీద గుర్తించును. అంతటి సూక్ష్మతతో అడుగుపూతను సరిపోల్చుట అర్థరహితము. తొట్టినుండి తొట్టికి మారిన పూతను, ఏబదియేండ్ల నూనెపొగలో మాగిన నమూనాను అంత తూచి కొలిచినను, కొలత నమూనాకు సరిపోవునే గాని కర్మాగారమునకు సరిపోదు.

యంత్రమునుమించిన చిక్కు దీపముతో వచ్చును. వేర్వేరు వర్ణద్రవ్యములతో చేసిన రెండు ఎరుపులు పగటివెలుతురున ఏకమైయుండి, ట్యూబులైటు క్రింద వేరై కనబడవచ్చును. సేంద్రియమైన ఎర్రరంగులతో ఇనుప ఆక్సైడును అనుకరించినప్పుడు ఇట్లు జరుగు నవకాశ మెక్కువ. అందుచేత పాతపూతలోని ఎరుపు ఇనుప ఆక్సైడైనచో క్రొత్తపూతలోను ఇనుప ఆక్సైడునే వాడుట ఉత్తమము; పదార్థము పదార్థముతో సరిపోయినప్పుడు దీప మేదైనను చాయ యొకటిగానే నిలుచును. డబ్బామీది పేరు నమ్మి స్ప్రే డబ్బాలు కొని కొట్టువారు ఈ సంగతిని ముఖ్యముగా గమనింపవలెను.

ఇతర సంస్థల కార్లలో

క్రైస్లరు కార్ల విషయమున వాదము వర్ణమునకన్న హద్దులపైననే యెక్కువగా నడచుచున్నది: ప్రైమరు ఏ యెత్తువరకు ముంచిరి, పైరంగు తుంపర నేలరేకుపై నెంతదూరము వ్యాపించినది యను వానిపై. కార్వెట్టు తొడుగు ఫైబరుగ్లాసుది గనుక అచ్చట తుప్పు ప్రైమరు ప్రశ్నయే వేరు. ఆ కారు ఉక్కుచట్రము నల్లనిది. కమారోల కర్మాగారములైన నార్‌వుడ్, వాన్ నైస్‌ల మధ్యను తేడాలు చెప్పుదురు గాని, జనరల్ మోటార్సు వారు పైరంగునకు ఎనామెలు గాక అక్రిలికు లాకరును వాడుటచేత వారి పూతలను మస్టాంగుతో నేరుగా పోల్చుట సరికాదు. విద్యుత్ప్రవాహముతో ప్రైమరును రేకునకు ఎక్కించు పద్ధతి 1960 దశాబ్దమున ఆరంభమై, 1970 దశాబ్దపు మధ్యభాగమున ఋణధ్రువపద్ధతిగా పరిణమించి, క్రమముగా పరిశ్రమ నంతటిని ఆక్రమించినది; ఆ పిమ్మటి కార్లలో తొలిపూత సమముగాను నిలకడగాను ఉండుటచేత ఇట్టి వివాదము లంతగా తలయెత్తవు.

ఇంకను తేలనివి

మొదటి ప్రశ్న: వర్ణవైవిధ్యము నిజమైనదని అందరు నొప్పుకొన్న పిదప, తీర్పరి యేమి చేయవలెను? ఒక్క చాయను ప్రమాణముగా నిలుపుట సులభము, కాని అసత్యము. చాయల పరిధి నంతటిని అంగీకరించుట సత్యము, కాని అప్పుడు ఏ బూడిదయైనను సరియే యనువారిని ఆపుట కష్టము. యజమాని తన కారు చాటుచోట్ల ఛాయాచిత్రములను, క్లిప్పు క్రిందినుండి తీసిన పూతముక్కను జతపరచినచో పట్టికకు విరుద్ధమైన చాయను సయితము అంగీకరింపవచ్చునని నా యభిప్రాయము. అట్టి యాధారము లేనప్పుడు మాత్రమే పట్టికను అనుసరింపవలెను. దీనిని వ్యతిరేకించువారు, పూతముక్కలను కల్పించుట యెంతసేపని అడుగుదురు. ఆ శంకకు సరియైన సమాధాన మింకను రాలేదు.

రెండవది: కర్మాగారపు లోపములను గూడ పునరుద్ధరింపవలెనా? పాతపూత కారి గడ్డకట్టిన బొట్లు, చాలీచాలక రేకు కనబడిన మూలలు, వంకరటింకరగా పడిన తుంపర, ఇవి యన్నియు ఆనాటి పనిలో భాగములే. వీటిని నునుపు చేయుట అతిపునరుద్ధరణ మని ఒకపక్షము. కావాలని బొట్లు కార్చుట నటన యని వేరొకపక్షము. చిమ్ముటలో సహజముగా వచ్చిన అసమత్వమును చెరపక విడుచుట, లేనిదానిని కల్పింపకుండుట అను మధ్యమార్గము నాకు యుక్తముగా దోచుచున్నది.

మూడవది, పరిరక్షణమార్గమునుండి వచ్చిన యొక యాచారమును గూర్చినది. అడుగునంతటిని తిరిగి పూయునప్పుడు, తొలిపూత బాగుగా నిలిచిన యొకటి రెండు చోట్ల అరచేతి మేర భాగమును తాకక, పారదర్శకమైన మైనపుపూతతో కాపాడి విడుచువారు కొందరు కలరు. తరువాతివారు తమ చాయను తిరిగి పరీక్షించుకొనుటకు అది యాధారమగును. పొరపాటు పడియున్నచో దిద్దుకొనుటకు వీలగును. కాని పోటీకి వచ్చిన కారు అడుగున చుట్టునున్న పూతతో కలియక మచ్చవలె కనబడు నా భాగమును తీర్పరులు లోపముగా నెంచి గుణాంకములు తగ్గింపవలెనా, ప్రమాణముగా నెంచి హెచ్చింపవలెనా యనునది నియమావళులలోనికి ఎక్కవలసియున్న విషయము.